ఈగ వాలని చేప

నౌపడలో మా వీధికి ఎండుచేపల గంప తెచ్చే ఆమెది ఒకటే మాట. గంప దించి మూత తీసి, "సూడమ్మా, నా సేప మీద ఈగ వాలదు," అనేది. నిజంగానే వాలేది కాదు. శుభ్రమైన చేప అని మేమంతా ఆమె దగ్గరే కొనేవాళ్ళం.

ఒకసారి సముద్రపు ఒడ్డుకు వెళ్ళినప్పుడు చూశాను. చేలకు కొట్టే పురుగుమందు తొట్టి నీళ్ళలో కలిపి, మోచేతుల దాకా చేతులు ముంచి, చేపలు తడిపి ఇసుక మీద పరుస్తోంది. ఇదేం పని అన్నాను.

"ఈగలుంటే మీరు కొంతారేటమ్మా?" అంది.

ఇంటికొచ్చి చేపలన్నీ పారబోశాను. వీధంతా చెప్పాను. ఆ నీళ్ళలో చేతులు పెట్టొద్దని ఆమెకు మాత్రం చెప్పలేదు.

వారం తిరక్కుండా ఆ తొట్టి పక్కనే నురగలు కక్కి పడిపోయింది. ఆసుపత్రిలో బతికించారు. మళ్ళీ గంపెత్తుకుని వస్తే మా వీధిలో ఎవరూ కొనలేదు. మూడు వారాలకు కాలి చెప్పు జారిపోవడం మొదలైంది. జారినట్టు ఆమెకే తెలిసేది కాదు. నడక తూలుతుంటే తాగి తిరుగుతోందన్నారు. విషం దిగిపోయినా దాని దెబ్బ నరాలకు ఆలస్యంగా తగులుతుందని డాక్టరు చెప్పేనాటికి రెండు కాళ్ళూ పడిపోయాయి.

చూడటానికి వెళ్ళాను. గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాదాల మీది పుండ్ల నిండా ఈగలు.

"ఇప్పుడెవుల కాడ కొంతన్నారమ్మా?" అనడిగింది.

ఈగలు తోలుదామని చెయ్యి చాపాను. అసహ్యమేసి వెనక్కి తీసుకున్నాను. ఈగలు వాలిన సంగతి ఆమెకు తెలియలేదు. నా చెయ్యి వెనక్కి పోవడం మాత్రం చూసింది.