ఒకే రాయి కింద ఇద్దరు నేస్తాలు

మా వీధి చివరి హోటల్లో మోమోలు చేసే నేపాలీ అబ్బాయి మొన్న చేతికి కట్టుతో అరుగు మీద కూర్చుని కనబడ్డాడు. మరిగే నూనె ఒలికిందట. ఇంక పనికి పనికిరావని ఓనరు రైలు టికెట్టు కొనిచ్చి మీ దేశం పొమ్మన్నాడట. నర్సుగా చేసిన చేతులు కదా, ఆ కట్టు విప్పి శుభ్రంగా మళ్ళీ కట్టేదాకా ఊరుకోలేదు గానీ, నా మనసు మాత్రం అప్పటికే సీలేరు కొండలెక్కేసింది.

డెబ్బైలలో మాట. సొరంగం తవ్వే కూలీల కోసం అక్కడ రేకుల షెడ్డులో నడిపే చిన్న ఆసుపత్రిలో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఘాటు రోడ్డు బస్సులో పేగులు నోట్లోకొచ్చేలా వాంతులు చేసుకుంటూ చేరానంటే మా మనవలు నవ్వుతారు, మన తరానికైతే ఆ బస్సుల సంగతి చెప్పక్కర్లేదు. ఆ సొరంగంలో పక్క గూడెం మనిషీ, నేపాల్ నుంచి వచ్చిన ఒకాయనా జోడీగా పనిచేసేవారు. ఒకరు ఉలి పట్టుకుంటే ఇంకొకరు సమ్మెట కొట్టాలి. గురి తప్పితే పట్టుకున్నవాడి చెయ్యి పోతుంది కనుక నమ్మకం లేనివాడితో ఎవరూ జోడీ కట్టరు. ఆ నమ్మకం ముదిరి ఇద్దరూ నేస్తం కట్టారు. నేస్తమంటే కాఫీ తాగి మర్చిపోయే స్నేహం కాదండోయ్! ఊరి పెద్దల ముందు కొత్త బట్టలు ఇచ్చిపుచ్చుకుని నేస్తం కడితే, ఆనాటి నుంచి వాడు ఆ గూడెం బిడ్డే, వాడి మంచీ చెడ్డా గూడేనివే.

ఒకనాడు పైనుంచి రాయి జారి ఇద్దరి మీదా పడింది. ఒకరికి ఎడమ కాలు, మరొకరికి కుడి కాలు తీసెయ్యాల్సి వచ్చింది. గుత్తేదారు గుమస్తా వచ్చి, గూడెం మనిషికి పరిహారమనీ, నేపాలీ పరదేశి కాబట్టి రైలు టికెట్టేననీ తేల్చేశాడు. ఒంటికాలితో ఆ మంచుకొండల్లోకి వెళ్ళి ఆయనేం చేసుకు బతుకుతాడు? నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ కొత్త నర్సు మాట వినేదెవరు? అప్పుడు గూడెం మనిషి మంచం మీంచే వేలిముద్ర వెయ్యనన్నాడు.

"ఒక్క రాయే కద బాబూ పడ్డాది. నా కాలికి డబ్బులూ, ఆడి కాలికి టికెట్టూ ఏటి? ఆడు నా నేస్తం. ఆడికివ్వందే నాను ముట్టను."

మర్నాడు గూడెం నుంచి ఒక్కరూ సొరంగంలోకి దిగలేదు. నేపాలీకి ఇక్కడ ఎవరూ లేరనుకోవడమే గుత్తేదారు చేసిన పొరపాటు. పని ఆగేసరికి కబురు కిందికి వెళ్ళి, లేబర్ ఆఫీసరు జీపులో వచ్చి, మా షెడ్డులోనే అందరినీ విచారించి, పనిలో దెబ్బతిన్నవాడు ఏ దేశంవాడైనా చట్టం ఒక్కటేనని గుత్తేదారు మొహం మీదే చెప్పారు. ఇద్దరికీ సమానంగా పరిహారం ఇప్పించారు. ఆ రోజు నేను ఏడ్చాను, దాచుకోవడం దేనికి? తర్వాత వాళ్ళిద్దరూ సంతలో టీ దుకాణం పెట్టారు. ఇద్దరికీ కలిపి ఒక్క చెప్పుల జత సరిపోతోందని, అదే తమ లాభమని నేను కనబడినప్పుడల్లా పకపకా నవ్వేవారు.

ఇప్పుడు పనివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు, చట్టాలకీ లోటు లేదు, కానీ పక్కవాడి కోసం పని మానేసి కూర్చునే గూడెం ఈ పట్నంలో ఎక్కడుంది? తలుచుకుంటే బెంగగానే ఉంటుంది. అయినా సోమవారం ఆ అబ్బాయిని వెంటబెట్టుకుని లేబర్ ఆఫీసుకి వెళ్తున్నాను. ఇతను మీకేమవుతాడని అక్కడ తప్పకుండా అడుగుతారు. నేస్తమని చెబుతాను.