సగం సినిమా, సద్దిల అగ్గిపెట్టె

మా ఆయన రాజేశానికి నౌకరి ఇచ్చింది బొగ్గుబాయి. ఆ నౌకరిని ఊడగొట్టేదాకా తెచ్చింది ఒక ఇంగ్లీషు భూతం. నడుమ ఆ భూతానికి ఆసరా అయింది మాత్రం నేనే. ఎట్లనో చెప్త. చదివి నవ్వుకోండ్రి గని, మా ఆయన ముందట నవ్వకండ్రి. ఆయనకు ఇంకా కోపం పూర్తిగ చల్లారలేదు.

అప్పుడు కొత్తగ పెండ్లయిన రోజులు. రామగిరి దిక్కు ఎవుసం చేసే ఇంటి నుంచి గోదావరిఖని క్వార్టర్లకు వచ్చిన. నేను బడి మొఖం చూడలేదు. మా నాయనే ఇంట్ల కూసోబెట్టి గోడ మీద బొగ్గుముక్కతోటి అక్షరాలు రాపిచ్చిండు. ఆయన పుణ్యాన పురాణాలు సొంతంగ చదువుకుంట. దాంతోటి దేవుని సంగతులన్నీ నాకే ఎరుకనే ధీమా ఉండేది. బాయి సంగతులు ఒక్కటి గూడ ఎరుక లేవనే సోయి మాత్రం లేకుండె.

పక్క క్వార్టర్ల శకుంతలమ్మ గారుండేది. వాళ్ళది భీమవరం దిక్కు. ఒక ఆదివారం పగటిపూట మమ్మల్ని కొత్త టీవీ చూడ రమ్మన్నది.

"అమ్మాయ్, నేను కాలేజీలో ఉండగా చూసిన సినిమా. బ్రిటన్ వాళ్ళు తీశారు. ఇప్పటి వాళ్ళు అలా తీయమను చూద్దాం."

"భయమైతదా అమ్మా?"

"భయం ఏంటే, సైన్సు."

సైన్సే గద అని కూసున్న. ఆమె కిటికీల పరదాలు గుంజింది. అప్పుడన్న నాకు అనుమానం రావాలె.

మొదట్ల మస్తుగుండె. నలుపు తెలుపు బొమ్మ. అది గూడ బొగ్గుబాయి కథనే. టోపీలు, దీపాలు, మసిబారిన మొఖాలు. అచ్చం మన ఫస్టు షిఫ్టు దిగినట్టే. ఇంగ్లీషోళ్ళ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది నాకు. ఇంతల బొగ్గు నడుమ గుమ్మడికాయంత రాయి దొరికింది. అది పగిలింది. అండ్లకెంచి తడిసిన గొంగడి అసొంటిది పాక్కుంట వచ్చింది. మొఖం లేదు, కండ్లు లేవు. బాయిల ఒక్కొక్కన్నే కప్పుకుంటున్నది. ముందుగ పోయినోని నడక మా ఆయన నడకే. మా ఆయన దిక్కు చూస్తే, డ్యూటీ దిగొచ్చిన మనిషి, కుర్చీల గురక పెడుతున్నడు.

చివరికి ఒక ముసలాయన కాగడా వెలిగించిండు. గొంగడి గిర్రున ముడుచుకున్నది.

"అగ్నిదేవా, బతికిచ్చినవ్" అని దండం పెట్టుకొని కండ్లు మూసుకున్న. మళ్ళ తెరిస్తే ఒట్టు. అటెన్క కేకలు వినొచ్చినయ్. ఇంకింత గట్టిగ మూసుకున్న.

అయిపోయినంక శకుంతలమ్మ గారు అడిగింది. "ఎలా ఉంది?"

"మస్తుగున్నదమ్మా, ఆఖరు ఇంకా మస్తుగున్నది" అన్న.

తెల్లారి మా ఆయనకు ఫస్టు షిఫ్టు. సద్ది గిన్నెల కింద పెరుగన్నం పెట్టిన, మీద చింతకాయ తొక్కు పెట్టిన. రెండిటి నడుమ కాయితంల మడిచి కర్పూరం బిళ్ళలు పెట్టిన, ఒక అగ్గిపెట్టె పెట్టిన. గొంగడి వస్తే గిన్నె తెరుస్తడు, చూస్తడు, వెలిగిస్తడు. చెప్పకుండ చేస్తేనే పుణ్యం అనుకొని ఆయనకు చెప్పలే.

పూజ కాడ కూసున్ననో లేదో, మా ఆయన దోస్తు శంకరన్న బండి మీద వచ్చిండు.

"చెల్లె, సద్దిల ఏం పెట్టినవ్?"

"పెరుగన్నం అన్నా."

"ఇంక?"

"చింతకాయ తొక్కు."

"ఇంక?"

"కర్పూరం."

"ఇంక?"

"అగ్గిపెట్టె లేకుంటే కర్పూరం ఎట్ల వెలుగుతదన్నా?"

శంకరన్న గడప మీద కూలబడ్డడు. "బాయి మీద తనిఖీల దొరికింది. ఆయనను దిగనియ్యలే. లోపల గ్యాసుంటది చెల్లె, ఒక్క పుల్ల గీస్తే షిఫ్టు షిఫ్టంత పోతది. నౌకరికే ఎసరు వచ్చింది."

"అగ్గిపెట్టె తేవద్దనే రూలు బీడీలు తాగేటోళ్ళకు గదా?"

"బీడీకి గీసిన పుల్ల ఏదో, దేవునికి గీసిన పుల్ల ఏదో గ్యాసుకు ఎట్ల ఎరుకైతది?"

శంకరన్న బండి వెనక కూసొని బాయి మీదికి పోయిన. ఆడ మా ఆయన తెరిచిన సద్ది గిన్నె పట్టుకొని, పెండ్లిల వడ్డించేటోని లెక్క నిలబడ్డడు. పక్కన తనిఖీ చేసే కొమురయ్య కాక. ఎదురుంగ బాయి మేనేజరు, కండ్లద్దాల సారు.

"అమ్మా, ఇది ఎందుకు పెట్టారు?"

ఏడ్సుకుంట సినిమా కథంత చెప్పిన.

"గా సిన్మానా?" అన్నడు కొమురయ్య కాక. "మా చిన్నప్పుడు తెర కట్టి ఏసిండ్రు. దానికి కొమ్ములుండాలె గదా?"

"కొమ్ములు కాదు కాకా, తోక. నేను టీవీల చూసిన" అన్నడు శంకరన్న.

"నేను నిన్ననే చూసిన సార్" అన్నడు మా ఆయన. "అసలు అండ్ల భూతమే లేదు."

సారు కండ్లద్దాలు తీసిండు. "కొమ్ములూ లేవు, తోకా లేదు. హాస్టల్లో చూశాను, బాగా గుర్తు. అమ్మా, మీరు చివరిదాకా చూశారా?"

"చూసి..." అని మా ఆయన దిక్కు చూసిన. "లేదు సార్. కండ్లు మూసుకున్న."

"ఎక్కడ?"

"ముసలాయన కాగడా వెలిగించిన కాడ."

సారుకు నవ్వు ఆగలే. "అది భయపడి ముడుచుకోలేదమ్మా, మింగడానికి ముడుచుకుంది. నిప్పే దాని తిండి. కాగడా తిని మేడంత అవుతుంది. ఊరంతా దీపాలు ఆర్పుకుని కూర్చుంటే, ఆకలికి చస్తుంది. మీరు సద్ది కట్టింది మీ ఆయనకు కాదు, దానికి."

మొదలు నవ్వింది కొమురయ్య కాక. ఆఖరుకు నవ్వింది మా ఆయన, అది గూడ సారు నవ్వుతున్నడని.

తర్వాత సారు మొఖం మారింది. "నవ్వే విషయం కాదు. పైనే దొరికింది, ఆయనకు తెలియదు కాబట్టి హెచ్చరించి వదులుతున్నా. కిందికి వెళ్ళి ఉంటే?"

ఆ మాట నాకు ఇప్పటికీ వినపడుతది. నేను దీపం పెట్టినప్పుడల్లా బాయిని కాపాడే మైసమ్మ తల్లికి దండం పెట్టినంక కొమురయ్య కాక చేతికి గూడ ఒక దండం పెట్టుకుంట. ఆ గిన్నె మూత తీసింది ఆ చెయ్యే.

అప్పటి నుంచి ఆ సినిమా చూసినోళ్ళు ఎవలు కనపడ్డా ఆఖరుకు ఏమైతదని అడుగుత. ఒకరు నీళ్ళల్ల మునిగిందంటరు, ఒకరు మంచుల గడ్డ కట్టిందంటరు. శకుంతలమ్మ గారైతే గుడి గంట మోగితే చచ్చిందంటది. ఇంగ్లీషోళ్ళ ఊర్ల గుడి ఎక్కడిదమ్మా అంటే, "ఉంటుందిలే" అంటది. ఒక్క సినిమాను ఇంతమంది ఇన్ని తీర్ల ఎట్ల చూసిండ్రో నాకు ఇప్పటికీ తెల్వది. మా ఆయన మాత్రం పొద్దుగాల సద్ది అందుకునేటప్పుడు మూత లేపి అడుగుతడు.

"సుగుణా, ఇది నాకేనా, దానికా?"

అందుకే మైసమ్మ తల్లి సాక్షిగ రెండు ఒట్లు పెట్టుకున్న. సద్దిల తినేది తప్ప ఇంకోటి పెట్టను. ఏ సినిమానన్న కండ్లు తెరిచి ఆఖరుదాకా చూస్త. మొదటి ఒట్టు ఇప్పటిదాకా తప్పలే. రెండోదాని కోసం మొన్న మా బిడ్డ ఫోన్ల అదే సినిమా పెట్టిచ్చుకొని కూసున్న. ముసలాయన కాగడా అందుకునేదాకా రెప్ప కొట్టలే. అటెన్క ఏమైందో మా బిడ్డను అడగాలె.