హెల్మెట్‌లో ఒక ఊచ

నా చిన్నప్పుడు మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో, చెప్పుల స్టాండ్ పక్కన, రెండు మూడు పొడవాటి కర్రలు ఎప్పుడూ గోడకు ఆనించి ఉండేవి. ఇంటికి వచ్చినవాళ్ళు వాటిని హాకీ కర్రలనుకునేవారు. కాదు, అవి హర్లింగ్ కర్రలు. హర్లింగ్ ఐర్లండ్ వాళ్ళ ఆట. కర్ర చివర అరచేయి కన్నా కాస్త వెడల్పుగా ఉంటుంది. బంతి చిన్నది, తోలుది, రాయిలా గట్టిది. దాన్ని నేల మీదా కొట్టవచ్చు, గాల్లో ఉండగానూ కొట్టవచ్చు, చేత్తో అందుకుని నాలుగడుగులు పరుగెత్తనూవచ్చు. ప్లెయిన్స్‌బరోలో, చుట్టూ క్రికెట్ పిచ్చివాళ్ళు తప్ప ఇంకెవరూ లేని మా కాంప్లెక్స్‌లోకి ఈ ఆట వచ్చింది మా బాబాయి వల్ల. ఆయన ఐర్లండ్‌లో మాస్టర్స్ చేసి, అక్కడినుంచి ఉద్యోగం మీద న్యూజెర్సీ వచ్చి మా ఇంట్లోనే ఉండేవాడు. ఐరిష్ వాళ్ళ కంటే ఎక్కువ ఐరిష్ అయిపోయాడని మా అమ్మ ఆటపట్టించేది.

ఆదివారం పొద్దున్నే బాబాయి నన్నూ, మా పై ఇంటి అక్కనూ కారులో పార్క్‌కి తీసుకెళ్ళేవాడు. నాకు పదేళ్ళు, అక్కకు పన్నెండు. అక్కడ ఐరిష్ కుటుంబాల పిల్లలకు ఒక పెద్దాయన ఆట నేర్పేవారు. మేమిద్దరం ఆయన్ని ఐరిష్ తాత అనేవాళ్ళం. బాబాయి ఆయనకు సాయం చేసేవాడు. ప్రాక్టీస్ అయ్యాక వాళ్ళిద్దరూ కారు డిక్కీ మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతూ వాదించుకునేవారు. ఎంతకీ తెమిలేది కాదు ఆ వాదన.

అది రెండువేల పది ప్రాంతం. ముఖానికి ఊచలున్న హెల్మెట్ లేకుండా ఎవరూ ఆడకూడదని కొత్త రూల్ వచ్చింది. విచిత్రమేమిటంటే, కట్టుడుపళ్ళ ముసలాయన కొత్త రూల్ వైపు, ముప్ఫై ఏళ్ళు నిండని మా బాబాయి పాతకాలం వైపు. పూర్వం బంతిని నేల మీద దొర్లుతుండగానే ఫెడేల్మని కొట్టేవారట. ఇప్పుడు అందరూ వంగి తీసుకోవడం, దాచుకోవడం, చేత్తో పక్కవాడికి అందించడం. కర్రల చివర్లు కూడా అట్లకాడల్లా వెడల్పయిపోయాయి. ఇది హర్లింగేనా అని బాబాయి మండిపడేవాడు. ఆట అన్నాక మారుతుంది, పిల్లల కళ్ళు మాత్రం రెండే ఉంటాయి అని తాత నింపాదిగా అనేవారు. హెల్మెట్ పెట్టుకుంటే ఎదుటివాడికి భయం పోయి ఇంకా గట్టిగా కొడతాడని బాబాయి వాదం. నాకు ఇద్దరి మాటా నిజమేననిపించేది. కానీ నేను మా బాబాయి మనిషిని.

ఒక శనివారం బాబాయి బాల్కనీలో కూర్చుని, ఇనుము కోసే చిన్న రంపంతో తన హెల్మెట్‌కి కళ్ళ ముందున్న ఊచ ఒకటి కోసేశాడు. తలకు పెట్టుకుని నా వైపు తిరిగి, "ఇప్పుడు చూడు, సినిమా హాల్లో ఎదురుగా ఉన్న స్తంభం తీసేసినట్టుంది" అన్నాడు. అప్పట్లో పైనుంచి వచ్చే బంతిని నేను ఒక్కటీ పట్టుకోలేకపోయేదాన్ని. ఆ మాటే ఆయనతో చెబితే, "అది నీ తప్పు కాదమ్మా, ఆ పంజరం తప్పు" అన్నాడు. ఎంత హాయిగా అనిపించిందో ఆ మాట. నా చేతగానితనానికి ఒక కారణం దొరికింది కదా.

తరవాతి శనివారం అమ్మానాన్నలు సరుకులకని ఎడిసన్ వెళ్ళారు. బాబాయి ఆఫీస్ కాల్‌లో ఉన్నాడు. మర్నాడే మ్యాచ్. నేను అదే రంపం తీసుకుని, నా హెల్మెట్‌ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, దాదాపు గంటసేపు కోశాను. చెయ్యి బొబ్బలెక్కింది. సీజన్ మొదట్లో తాత హెల్మెట్లన్నీ ఒకసారి చూసేవారు, తరవాత చూసేవారు కాదు. ఆ సంగతి నాకు తెలుసు.

మ్యాచ్‌లో ఊచ లేకపోయినా నేను బంతి పట్టుకోలేదు. రెండుసార్లు వదిలేశాక తాత నన్ను బయట కూర్చోబెట్టారు. కాసేపటికి అక్క హెల్మెట్ గడ్డం కింది పట్టీ తెగిపోయింది. మాకందరికీ ఒకే నీలం రంగు హెల్మెట్లు. తాత నా వైపు చెయ్యి చాపి, నీది అక్కకి ఇవ్వు అన్నారు. వద్దు, నాది పాడైంది అని అనడానికి నాకు టైముంది. అంటే ఎందుకు కోశావని అందరి ముందూ అడుగుతారు. తీసి ఇచ్చేశాను. అక్క పెట్టుకుని, "హే, నీది బెటర్‌గా ఉందే! క్లియర్‌గా కనిపిస్తోంది" అని నవ్వి లోపలికి పరుగెత్తింది.

ఐదు నిమిషాలు కూడా కాలేదు. నేల మీది బంతి కోసం నలుగురు పిల్లలు ఒకచోట పడ్డారు. ఎవరిదో కర్ర చివర పైకి లేచి సరిగ్గా ఆ సందులోంచి వెళ్ళింది. అక్క అరవలేదు. మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వేళ్ళ మధ్యనుంచి రక్తం వచ్చింది. తాత తువ్వాలుతో పరుగెత్తారు. బాబాయి గడ్డిలో పడిన హెల్మెట్ తీసి, కోసిన చోట బొటనవేలితో తడిమి, నా వైపు ఒక్కసారి చూశాడు. అందులో కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది.

కన్ను లోపల రక్తం చేరిందని, చూపు సంగతి ఇప్పుడే చెప్పలేమని డాక్టర్లు అన్నారు. కొన్నాళ్ళు తల ఎత్తుగా పెట్టుకుని, కదలకుండా, కంటికి కప్పు కట్టుకుని ఉండాలన్నారు. మర్నాడు సాయంత్రం బాబాయి నన్ను వెంటబెట్టుకుని పై ఇంటికి వెళ్ళాడు. ఎందుకని నేను అడగలేదు. అంకుల్, ఆంటీ సోఫాలో కూర్చున్నారు. ఆంటీ కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"అన్నా, ఆ బార్ తీసేస్తే బాగా కనిపిస్తుందని మా ఇంట్లో అన్నది నేనే. నా హెల్మెట్‌కి కట్ చేసుకున్నది కూడా పిల్ల ముందే. అంతవరకూ నా తప్పు. సారీ చెప్పడానికి కూడా మొహం చెల్లట్లేదు" అన్నాడు బాబాయి. అక్కడ ఆగాడు.

ఆంటీ లేచి నిలబడి, "పసిపిల్లలు పెట్టుకునేదాన్ని కోస్తారా ఎవరైనా? మీకసలు బుద్ధుందా?" అని ఏడుస్తూ తిట్టింది. పిల్ల హెల్మెట్ కోసింది తను కాదని బాబాయి అనలేదు. కోశానని కూడా అనలేదు. టీపాయ్ మీదున్న గ్లాసు అందుకుని నీళ్ళు గుక్క గుక్కగా, చాలాసేపు తాగాడు. నేను నోరు విప్పుతానేమోనని ఆ నీళ్ళు అంతసేపు తాగుతున్నాడని నాకు తెలిసిపోయింది. నేను కార్పెట్ మీది పువ్వుల్ని చూస్తూ కూర్చున్నాను. గ్లాసు ఖాళీ అయ్యాక ఇద్దరం మెట్లు దిగి వచ్చేశాం.

ఈ సంగతి తెలిసి, పిల్లల ప్రాక్టీస్‌కి ఇక రావద్దని తాత బాబాయికి ఫోన్ చేసి చెప్పారు. బాబాయి సరేనన్నాడు. మా నాన్న ఆయనతో మాట్లాడ్డం తగ్గించాడు. అమ్మ ఒకరోజు ఉండబట్టలేక, నిజంగా నువ్వే చేశావా అని నిలదీస్తే, "చెప్పాల్సింది చెప్పాను వదినా" అని లేచి వెళ్ళిపోయాడు. నన్ను మాత్రం ఆయన ఏమీ అడగలేదు. ఎప్పటిలాగే నా లెక్కల హోంవర్క్ చూసేవాడు. నాకు అన్నం సయించేది కాదు. పై ఇంట్లో అడుగుల చప్పుడైతే చాలు, అక్క కన్ను పోయిందని చెప్పడానికి దిగి వస్తున్నారేమోనని తలుపు వైపు చూసేదాన్ని.

పదకొండు రోజులు అలాగే గడిచాయి. మధ్యలో వచ్చిన ఆదివారం బాబాయి ఇంట్లోనే ఉండిపోయాడు. పన్నెండో రోజున, శనివారం పొద్దున, తను ఆడే పెద్దవాళ్ళ జట్టుకు ప్రాక్టీస్ ఉందని అలవాటు కొద్దీ లేచి బూట్లు వేసుకున్నాడు. ఇక ఆ గ్రౌండ్‌కే వెళ్ళనని తనే అన్న సంగతి గుర్తొచ్చినట్టుంది. కుర్చీలో కూర్చుని మళ్ళీ లేసులు విప్పుకున్నాడు. అది చూసి నేను తట్టుకోలేకపోయాను. చెప్పులు కూడా లేకుండా మెట్లెక్కి పైకి వెళ్ళాను.

అక్క కర్టెన్లు వేసిన గదిలో దిళ్ళకు ఆనుకుని కూర్చుని ఉంది. ఊచ కోసింది నేనని చెప్పాను. అక్క కంటి మీది కప్పు సర్దుకుంది. తరవాత, "నాకు ఇచ్చేటప్పుడు నీకు తెలుసా? యు న్యూ?" అంది. తెలుసన్నాను. "అయితే మమ్మీకి నువ్వే చెప్పు. నేను చెప్పను" అని ముఖం అటు తిప్పుకుంది. వంటింట్లోకి వెళ్ళి రెండోసారి చెప్పాను. ఆంటీ అరవలేదు, కొట్టలేదు. "అయ్యో, ఇన్నాళ్ళూ ఆయన్ని అన్నానే" అంటూ స్టవ్ కట్టేసి కిందికి వెళ్ళింది. నన్ను చాలా నెలలపాటు పేరు పెట్టి పిలవలేదు.

ఆ సాయంత్రం నేను బాబాయిని అడిగాను, నువ్వు కాదని ఎందుకు చెప్పలేదని. "నాది నేను చెప్పాను. నీది కూడా నేనే చెప్పేస్తే, ఇంక నువ్వేం చెప్తావమ్మా?" అన్నాడు. అంతకుమించి ఆ విషయం మా మధ్య ఎప్పుడూ రాలేదు. తాత కొన్ని వారాలకు ఆయన్ని మళ్ళీ రమ్మన్నారు. బాబాయి కొత్త హెల్మెట్ కొనుక్కుని వెళ్ళాడు. నేల మీద కొట్టే ఆటే గొప్పదని వాదించడం మానలేదు గానీ, హెల్మెట్ ఊసు ఇంకెన్నడూ ఎత్తలేదు. నేను మళ్ళీ కర్ర పట్టుకోలేదు.

అక్క చూపు దాదాపుగా తిరిగొచ్చింది. ఎదురుగా వచ్చే కారు లైట్లు మాత్రం ఆ కంటికి ఇప్పటికీ చెదిరిపోయి కనిపిస్తాయట, చీకటి పడ్డాక డ్రైవ్ చేయదు. కాలేజీలో చేరే ముందు ఒకరోజు నా భుజం మీద చెయ్యి వేసి, అప్పుడు చిన్నపిల్లవి, వదిలేయ్ అంది. నేనిప్పుడు మా ఇంట్లో పెద్దదాన్ని. పిల్లలు వింటుండగా ఏదైనా రూల్‌ని వెక్కిరించబోయి మధ్యలో ఆగిపోతుంటాను. తప్పు జరిగినచోట నా వంతు చెప్పి ఊరుకుంటాను, ఎదుటివాళ్ళది వాళ్ళకే వదిలేస్తాను. ఇవన్నీ బాబాయి దగ్గర నేర్చుకున్నవే. కానీ ఊచ కోసినందుకు అక్క నన్ను క్షమించింది. ఆయన మాటలు పడుతుంటే నేను ఊరుకున్న ఆ పదకొండు రోజులకు క్షమించాల్సింది బాబాయి. ఎన్నిసార్లు ఆ మాట ఎత్తబోయినా, టీ పెట్టమ్మా అని లేచి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు అడుగుదామన్నా ఆయన లేడు.