ముగ్గు కింద నల్లచుక్క

నిన్న మా చెల్లెలి కొడుకు పాతకారు ఒకటి కొనుక్కుని ఆళ్లగడ్డకు తెచ్చి, మా వాకిట్లో నిలబెట్టి, "పెద్దమ్మా, నీ చేత్తో బొట్టు పెట్టు" అన్నాడు. నేను కుంకుమ భరిణె అరుగు మీద పెట్టి, కొంగు నడుముకు దోపుకుని, మోకాళ్ల మీద కూర్చుని ముందుగా కారు కిందికి వంగి చూసినాను. చూసింది చాలక ఎడమ చక్రం పక్కనుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి తడిమి, వేళ్లు బయటికి తీసి ఎండలో చూసుకున్నాను. పొడిగానే ఉన్నాయి, వట్టి దుమ్ము. వానికి నవ్వు ఆగలేదు. "ఏంది పెద్దమ్మా, కారు కాళ్లకు మొక్కుతాండావా?" అన్నాడు. మొక్కినాననే అనుకోరా అన్నాను. లేచి, దేవుని పేరు తలుచుకుని అప్పుడు బొట్టు పెట్టినాను. వాడు పోయినాక కూడా వేళ్ల మీది దుమ్ము కడుక్కోబుద్ధి కాలేదు. నంద్యాలలో కార్లు బాగుచేసే భాయ్ గుర్తుకొచ్చినాడు, ఆయన వెనకనే మా అత్త గుర్తుకొచ్చింది.

మాది రాళ్లు చెక్కే ఇల్లు. మా మామ, ఆయన తండ్రి, ఇప్పుడు మా ఆయన, అందరిదీ ఉలి పనే. రాయి దించగానే మా ఆయన చిన్న సుత్తితో నాలుగు చోట్ల తట్టి, చెవి పెట్టి వింటాడు. లోపల వెంట్రుకంత పగులున్నా పలుకు మారుతుందంట. అట్లా ఎన్ని రాళ్లను బండి మీదనుంచి దించకుండానే వెనక్కి పంపించినాడో. అట్లాంటి మనిషి కారు కొన్నప్పుడు మాత్రం దాని రంగు చూసి మురిసిపోయినాడు. తప్పు పట్టలేను, ఆ కారు అవసరం అట్లాంటిది. అత్తకు మూత్రపిండాలు రెండూ చెడిపోయి, మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి నంద్యాలలో రక్తం శుద్ధి చేయించాల్సి వచ్చింది. నాలుగు గంటలు మిషను పక్కన పడుకుని లేచినాక ఆమె కాళ్లలో సత్తువంటూ ఉండేది కాదు. అందుకని కోయిలకుంట్లలో ఒకాయన దగ్గర ఆ పాతకారు తీసుకున్నాము. తాళాలు ఇస్తూ ఆయన, "పాత బండి గదమ్మా, ఒకటీ రెండు చుక్కలు కారుస్తాది, ముసలోళ్లకు చెమట పట్టినట్ల" అన్నాడు. మా ఆయన అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని అద్దం సరి చేసుకుంటున్నాడు. ఆ మాట నా ఒక్కదాని చెవినే పడింది. నేను దాన్ని అక్షరాలా నమ్మినాను.

నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పుడు జబ్బు చేసి ఇంటిపట్టునే ఉండిపోతే, నాయన పలక మీద అక్షరాలు దిద్దించినాడు, అమ్మ ముగ్గుచుక్కల మీద లెక్కలు నేర్పించింది. అమ్మ నేర్పిన ఇంకొక సంగతి, వాకిట్లో మురికిని సూర్యుని కంట పడనీయకూడదని. మా వాకిలి నాపరాళ్లు పరిచిన వాకిలి. మా ఆయన అందులో ఒక పక్కన చెక్కగా మిగిలిపోయిన రాతి దిమ్మె పాతి, ముందు చక్రాలు దానికి ఆనేటట్టు కారును రోజూ ఒకే చోట నిలిపేవాడు. తెల్లవారుజామున దాన్ని తీసి ఎదురుగా వేపచెట్టు కింద పెట్టి, అటునుంచి అటే పనిచోటుకు పోయేవాడు. నేను ఊడ్చడానికి వచ్చేసరికి నాపరాయి మీద నల్లటి చుక్కలు ఉండేవి. మొదట్లో రెండు, తర్వాత నాలుగు, పోనుపోను అరచేయంత మరక. పాపం, ముసలి బండి, చెమట పట్టింది అనుకునేదాన్ని. రాళ్లు చెక్కే ఇంట్లో రాతిపొడికి కరువా? గుప్పెడు పొడి చల్లితే నూనెను పీల్చుకునేది. చీపురుతో తోసేసి, నీళ్లు చల్లి, దాని మీదనే పదిహేను చుక్కల ముగ్గు వేసేదాన్ని. దినమూ ఆ మరక మాయమైతే నాకు ఎంత తృప్తిగా ఉండేదో. నాలుగు నెలలు ఆ పుణ్యకార్యం చేసినాను.

దసరాకు ఆయుధపూజ అని కారును కింద కూడా నీళ్లతో కొట్టించి కడిగించి, పసుపు రాసి, నిమ్మకాయలు తొక్కించినాము. ఆ పక్క శుక్రవారమే అత్తను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయలుదేరినాము. శిరివెళ్ల దగ్గరకు వస్తుండగా స్టీరింగు వెనక ఎర్రగా ఒక బొమ్మ వెలిగింది. నేను వెనక సీట్లోనుంచి చూసినాను. అచ్చం దీపం కుందె లాగా ఉంది, మూతి దగ్గర ఒక చుక్క కూడా ఉంది. శుక్రవారం పూట దీపం వెలిగింది, మంచిదే అనుకుని చేతులు కళ్లకు అద్దుకున్నాను కూడా. అది ఇంజన్లో నూనె అయిపోయిందని చెప్పే గుర్తని తర్వాత తెలిసింది. అంతలో ఇంజను లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టకటకమని మొదలైంది. మా ఆయన ముఖం మారిపోయింది. "లోపల పగులు పలుకుతాంది" అని పక్కకు తీసేలోపలే కారు ఒక్కసారి గింజుకుని ఆగిపోయింది. తాళం ఎన్నిసార్లు తిప్పినా ఉలుకూ లేదు పలుకూ లేదు.

చాగలమర్రి నుంచి మిరపకాయల మూటలతో నంద్యాలకు పోతున్న ట్రాలీ ఆటో ఒకటి మమ్మల్ని చూసి ఆగింది. డ్రైవరు ఏమీ అడగకుండానే దిగి, అత్తను రెండు చేతులతో ఎత్తి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మా ఆయనను కారు దగ్గర వదిలి, నేను మూటల మీద కూర్చుని, నంద్యాల వచ్చేదాకా తుమ్ముతూనే ఉన్నాను. మిషను టైముకు అందింది. ఆయన పేరు అడగడం మరిచిపోయినాను. పేరు తెలియని మనిషి కోసం దీపం ముందు ఏమని మొక్కాలో తెలియక, మిరపకాయల ఆటో ఆయన చల్లగా ఉండాలని ఇప్పటికీ మొక్కుతాను.

కారును తాడు కట్టి నంద్యాలలో భాయ్ షెడ్డుకు లాక్కుపోయినారు. ఆ తర్వాతి వారం మంగళవారం, శుక్రవారం బస్సులోనే పోయినాము. పొద్దున పోవడం ఎట్లో అయ్యేది, సాయంత్రం తిరిగి రావడమే నరకం. మంగళవారం తిరుగు బస్సులో అత్త నా ఒళ్లో తల పెట్టుకుని, గతుకు గతుకుకూ మూలుగుతూ వచ్చింది. వారానికి రెండుసార్లు బాడుగ కారంటే మా వల్ల అయ్యే పని కాదు. శుక్రవారం మిషను మీద పడుకుని ఆమె చాలా మామూలుగా, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు చెప్పింది. "ఒక్క మంగళవారం బస్సులో వస్తా. ఆ పై శుక్రవారానికి బండి వస్తే వస్తా, రాకపోతే రాను. ఇంగ నన్ను అడగద్దండి." ఆమె మాట అంటే మాటే. ఒకసారి తప్పినా ప్రమాదమేనని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. ఆమెకూ తెలుసు.

ఆమెను నర్సుకు ఒప్పగించి నేనూ మా ఆయన షెడ్డుకు పోయినాము. భాయ్‌కి అప్పటికి అరవై దాటి ఉంటాయి. తెల్లగడ్డం, చెవి మీద పెన్సిలు, మెడలో నల్లబడిన తువ్వాలు. మా కారు ఇంజను విప్పి రేకు మీద పరిచి పెట్టినాడు. ఒక స్టీలు గ్లాసు చూపించి, "నీ ఇంజన్లో మిగిలిన నూనె ఇంతేనన్నా. ఇందులో గూడా సగం మడ్డే. ఆళ్లగడ్డ నుంచి శిరివెళ్ల దాకా ఎట్ల వచ్చిందో ఆ పైవానికే తెలియాల" అన్నాడు. కాలిపోయి నీలం తిరిగిన బేరింగులు చూపించినాడు. తర్వాత అసలు సంగతికి వచ్చినాడు. "నూనె లోపలే కాలిపోయిందా, బయటికి కారిపోయిందా? కింద నీళ్లు కొట్టి కడిగించినారు, ఆ పైన రోడ్డు దుమ్ము పట్టింది, జాడ తెలీడంల్యా. కాలిపోయిందంటే సిలిండర్లు అరిగినట్ల. కర్నూలుకు పంపి లోపల మళ్లా నున్నగా కోయించి బోరు చేయించాల, నెల పడతాది. కారిపోయిందంటే ఈడనే చేస్తా. వాకిట్లో చుక్కలు యామన్నా పడినాయా?"

"ఒక్క చుక్క పడలేదు భాయ్. మా వాకిలి అద్దం లెక్క ఉంటాది" అన్నాడు మా ఆయన, కొంచెం గొప్పగా.

నెల అన్నాడు, అత్త గడువు వారం. నోరు విప్పితే నాలుగు నెలల నా తెలివితక్కువతనం ఇద్దరు మగవాళ్ల ముందు బయటపడుతుంది. అయినా నరసింహస్వామిని తలుచుకుని, నేలను చూస్తూ చెప్పేసినాను. "పడినాయి. రోజూ పడినాయి. నేనే పొడి చల్లి ఊడ్చి ముగ్గేసినా."

మా ఆయన నా వైపు ఎట్లా చూసినాడో చెప్పలేను. భాయ్ మాత్రం నవ్వలేదు. "కారు కింద యాడ పడేటివమ్మా? ముందరా, వెనకా?" అని అడిగినాడు. అది నాకు బాగా తెలుసు. నోటితో చెప్పడం రాక, ఆయన చెవి మీది పెన్సిలు చూసి సుద్దముక్క అడిగినాను. షెడ్డు నేల మీద రాతి దిమ్మె గీత గీసి, చక్రాలు ఆనే చోటు గుర్తు పెట్టి, జానెడు జానెడు దూరంలో ముగ్గుచుక్కలు పెట్టుకుంటూ పోయినాను. రోజూ అదే ముగ్గు, అదే దిమ్మె, అదే లెక్క. "దిమ్మె నుంచి రెండో వరస. ఎడమ చక్రం నుంచి లోపలికి మూడో చుక్క. దాని మీదనే పడేది, ఒక్కనాడూ తప్పలేదు" అన్నాను. భాయ్ జానతో ఆ దూరం కొలుచుకుని, పోయి కారు కింద వెల్లకిలా పడుకున్నాడు. ఇంజనుకూ గేరుబాక్సుకూ అతుకు వచ్చే చోట వేలు పెట్టి, అక్కడినుంచి తీసి పెట్టిన సీలును, నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు చుట్టను, తీసుకొచ్చి వెలుతురులో తిప్పినాడు. వేలి ఉంగరమంత పలచని రబ్బరు అంచు ఒక చోట చీలి ఉంది.

"క్రాంకు వెనక సీలు. నూనె కారింది దీన్నుంచే, ఈడనే చేస్తా" అన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "ఏమన్నా, రాయి లోపల పగులు వింటావంట. ఇంట్లోనే చుక్క చుక్కకూ లెక్క పెట్టే మనిషి ఉంటే కనుక్కోలేకపోయినావే" అన్నాడు. మా ఆయన గొణిగినాడు. "ఆమె ముగ్గు తొక్కితే తిడతాదని నేను అటు చూసేదే లేదు భాయ్."

అత్త గడువు సంగతి చెప్పినాము. భాయ్ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుని, "మీ అత్తకు చెప్పమ్మా. శుక్రవారం ముందు సీటు ఆమెదే" అన్నాడు. ఆస్పత్రికి తిరిగిపోయి అత్తకు అంతా చెప్పేసినాను, నా ముగ్గుల సంగతితో సహా. ఆమె కళ్లు మూసుకునే వినింది. "ముగ్గేసి దాచిపెట్టినావు సరే, ఇంగ కడుపులో ఇంకా ఏమేం దాచినావో చెప్పు, ఈ మిషను అయ్యేలోపల వింటా" అనింది.

మంగళవారం అత్తను మిషను మీద పడుకోబెట్టి మళ్లీ పోయినాను. ఆ రోజు చూసింది నేను ఏ గుళ్లోనూ చూడలేదు. భాయ్ కొత్త బేరింగులు పరిచి, ఒక్కొక్కదాని మీద వేలితో నూనె రాసి, బరువైన క్రాంకును, ఇంజను లోపల తిరిగే ఇరుసును, రెండు చేతులా ఎత్తి వాటి మీద పడుకోబెట్టి బిగించినాడు. "తిప్పు చూద్దాం" అన్నాడు. నేను రెండు చేతులూ పెట్టబోతే వద్దని, ఒక్క వేలు చూపించినాడు. ఒక్క వేలితో తాకితే అంత ఇనుము చప్పుడు లేకుండా తిరిగింది. నిద్రలో పసిబిడ్డ ఒత్తిగిలినట్టు తిరిగింది. "ఇనుము ఇనుమును తాకడంల్యా తల్లీ. నడమ నూనె పొర ఉండాది, కంటికి ఆనదు. బండి బరువు, మనుషుల బరువు, అంతా మోసేది అదే. అది పోయిన నిమిషం ఇనుమును ఇనుమే తినేస్తాది." ఆయన మామూలుగానే చెప్పి, స్పానరు వెతుక్కుంటూ పోయినాడు. నేను వేలు తీయకుండా అక్కడే నిలబడిపోయినాను. నేను చీపురుతో తోసేసింది ఏమిటో, శిరివెళ్ల దాకా మమ్మల్ని మోసుకొచ్చింది ఎంత పలచని దయో అప్పుడు తెలిసింది. చేతులు జోడించాలనిపించింది, ఎవరికి జోడించాలో తెలియలేదు, అందరికీ జోడించినాను.

గురువారం మధ్యాహ్నం మా ఆయన ఒక్కడే పోయి కారు తీసుకొచ్చినాడు. భాయ్ ఇంజనంతా తుడిచి, పసిబిడ్డకు పూసినట్టు తెల్లని పౌడరు పూసి, గంటసేపు ఆడించి, ఎక్కడా నల్లగీత రాలేదని చూపించిన తర్వాతే తాళాలు ఇచ్చినాడంట. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని విని, మా ఆయన చేతికి కూడా ఇచ్చినాడంట. "మంచి రాయి పలికినట్టు పలికింది" అని ఇంటికొచ్చి నాలుగుసార్లు చెప్పినాడు. అత్త కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చి, వెచ్చగా ఉన్న బానెట్టు మీద అరచేయి ఆనించింది. "రేప్పొద్దున ఎన్ని గంటలకు?" అని మాత్రం అడిగింది. నేను లోపలికి పోయి దేవుని ముందు కూర్చుని తనివితీరా ఏడ్చినాను.

ఆ శుక్రవారం పోయినాము. ఆ తర్వాత మంగళవారం పోయినాము. అట్లా అత్త ఇంకా రెండేళ్లు, ఆ పైన ఒక చలికాలం ఉన్నింది. చివరికి తీసుకుపోయింది గుండె. ఆ పొద్దు కూడా కారు వాకిట్లో సిద్ధంగానే ఉన్నింది. కబురు తెలిసి భాయ్ నంద్యాల నుంచి బస్సులో వచ్చి, అరుగు మీద మా ఆయన పక్కన కూర్చుని పోయినాడు. ఇప్పుడు ఆయనా లేడు.

అన్ని ప్రయాణాల్లో నాకు ఒకటి మిగిలింది. ధనుర్మాసంలో ఒక సాయంత్రం నంద్యాల నుంచి తిరిగి వస్తుంటే, అత్త ఉన్నట్టుండి కారు ఆపమనింది. రోడ్డు పక్కన కనుచూపు మేరా శనగ పైరు. దిగే శక్తి లేదు, "రెండాకులు తెంపుకరాపో" అనింది. తెచ్చి ఇస్తే, ఆకు మీది పులుపును నాలుకకు అద్దుకుని, చిన్నపిల్ల లాగా కళ్లు చికిలించి, చేను చూస్తూ కూర్చుంది. మా ఆయన ఇంజను ఆపేసినాడు. ఆమె పోదామనలేదు, మేము అడగలేదు. ఎంతసేపు ఆగినామో తెలియదు. ఆ తర్వాత ఎన్ని మంగళవారాలు, ఎన్ని శుక్రవారాలు వచ్చి దాటిపోయినాయో, ఆ కాసేపు మాత్రం పోలేదు, ఇంకా ఆ చేని గట్టునే ఉంది.