సొరచేప సీసా

పాతబస్తీలోని ఓ కాలేజీ జువాలజీ ల్యాబులో రాజమణి ఇరవై ఏళ్లుగా అటెండరు. చచ్చిన జీవులను నిలవ ఉంచే సీసాల్లో ఫార్మలిన్ మార్చీ మార్చీ, ఎంత రుద్ది కడిగినా ఆమె తినే ముద్దకు ఆ వాసనే. ప్రాక్టికల్ పరీక్షల్లో సీసా ముందు నీళ్లు నమిలే పిల్లలకు చాటుగా జవాబు అందించేదీ ఆమే. సోమశేఖర్ అలా గట్టెక్కినవాడే. 1979లో ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఆమె ఇంటర్వ్యూకి వెళితే, లెక్చరరై ఎదుటి కుర్చీలో కూర్చున్నదీ అతనే.

“గబ్బిలానికీ సొరచేపకూ పోలిక చెప్పు,” అన్నాడు.

ఒకప్పుడు అతని చెవిలో ఊదిన జవాబే.

“రెండూ గుడ్లు పెట్టయి సార్, పిల్లలనే కంటయి. మన సీసాల ఉన్న జాతి సొర గూడ కడుపుల బొడ్డుపేగుతోనే సాకుతది. గబ్బిలం కన్నంక పాలిచ్చి, రొమ్ముకు కరిపిచ్చుకొని తిరుగుతది. సొర కని వదిలేసి పోతది.”

“ఇంగ్లీషులో చెప్పాలమ్మా,” అన్నాడు సోమశేఖర్, కాగితంలోంచి తలెత్తకుండా.

ఉద్యోగం ఇంకెవరికో పోయింది. రాజమణి ల్యాబుకొచ్చి, సొరచేప సీసా దించి కొంగుతో దుమ్ము తుడిచింది.

“నువ్వే నయం తల్లీ. కని వదిలేసినవ్, మర్లి చూడలే. నేను సాకినోడు ఇయ్యాల నన్ను ఎరుకలేనట్టు అడుగుతున్నడు.”