కోడలి అలసటకు నేను వేసిన అంకెలు

కరోనా మా ఇంట్లో అందరినీ సమానంగా చూసింది. కొడుక్కి, కోడలికి, మనవరాలికి, నాకు వరుసపెట్టి వచ్చి పోయింది. నాకు మూడు రోజుల జ్వరం. నాలుగో రోజు లేచి గిన్నెలు తోముకున్నాను. అరవై దాటిన నాకే అంత తొందరగా పోతే, ముప్పై రెండేళ్ళ కోడలికి ఏడు నెలలైనా పోకపోవడమేమిటి? నాలుగు రొట్టెలు చేస్తే గోడకు ఆనుకునేది. బట్టలు ఉతికిన మర్నాడు మంచం దిగేది కాదు. డాక్టర్లు రక్తం చూశారు, ఛాతీ ఫోటో తీశారు, అంతా బాగుందన్నారు. అంతా బాగున్న మనిషి పడుకుంటే దానికి మా వైపు ఒకటే పేరు. ఆ పేరు పెట్టడానికి డాక్టరు అక్కర్లేదు.

సూరత్‌లో పడుకునే తీరిక ఎవరికీ లేదు. మా కొడుకు సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, రోజుకు పన్నెండు గంటలు నిలబడతాడు. రింగ్ రోడ్ మార్కెట్ నుంచి వచ్చే చీరలకు అత్తాకోడళ్ళం ఇంట్లో కూర్చుని మెరుపు రాళ్ళు అతికించేవాళ్ళం. ఇప్పుడు అతికించడం నా పని, పక్కన పడుకుని చూడడం ఆమె పని. ఒకనాడు కొడుకుతో నేనే అన్నాను.

"అమ్మగారింటికి తోలియ్యి బిడ్డా. ఆడనన్న లేసి తిరుగుతదేమో."

వాడు ఒక షరతు పెట్టాడు. "ఎవలన్న డాక్టరు ఇది జబ్బే అని కాయితం మీద రాసిస్తే ఉంచుత. లేకుంటే దసరా అయినంక దింపొస్త."

కోడలు విననట్టు గోడ వైపు తిరిగి పడుకుంది. విన్నది.

ఆ వారంలోనే మా గల్లీకి ఒక పిల్ల వచ్చింది. తెలంగాణ నుంచి వలస వచ్చిన మన నేత కుటుంబాల పిల్లే. సూరత్‌లో పుట్టి, నర్సు చదువు చదివి, ఒక పెద్ద ఆసుపత్రిలో పరిశోధన చేసే డాక్టరమ్మ దగ్గర పనిచేస్తోంది. కరోనా పోయాక కూడా నెలల తరబడి అలసట వదలనివాళ్ళ మీద పరిశోధనట. దానికి మూడు మాటల పేరు కూడా ఉంది, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని. అదేనని తేలితే డాక్టరమ్మ కాగితం కూడా రాసిస్తుందట. మూడో తరగతితో బడి మాన్పించి నన్ను మగ్గం పనికి కూర్చోబెట్టిన నాడు ఆ పేరు తెలిసి ఉంటే నేనూ వాడుకునేదాన్ని.

"అవ్వా, పేషెంటు ఒకలు, గదే ఇంట్ల మంచిగైన మనిషి ఒకలు, ఇద్దరు కావాలె. పక్కపక్కన పెట్టి చూస్తం," అంది ఆ పిల్ల.

"నన్నేం చూస్తరే? నాకేం రోగం?"

"ఏం లేదు కాబట్టే కావాలె బా. నువ్వు ఎక్‌దమ్ ఫిట్!"

బా అంటే గుజరాతీలో అమ్మ. ఆ పిలుపుకు, ఆ పొగడ్తకు పడిపోయాననుకోకండి. రక్తపరీక్ష ఊరికే, గుండెపరీక్ష ఊరికే, రానూపోనూ ఆటో వాళ్ళదే. ఊరికే వచ్చేదాన్ని కాదనడం మా వంశంలో లేదు. ఇష్టం లేకపోతే ఏ రోజైనా మానుకోవచ్చని ఒక కాగితం చదివి వినిపించి సంతకాలు తీసుకున్నారు. నీ ఇష్టం అని కోడలికి చెప్పిన మొదటి కాగితం బహుశా అదే.

ఇద్దరికీ చెరొక పుస్తకం ఇచ్చారు. మూడు వారాలు, రోజూ పొద్దున, అలసట ఎంతుందో సున్నా నుంచి పది లోపల ఒక అంకె వేయాలి. పెన్ను పడితే కోడలి చెయ్యి వణుకుతోందని రెండు పుస్తకాలూ నేనే ఉంచుకున్నాను. అంకెలు నాకు బాగా వచ్చు.

"ఎంతనే?"

"ఎనిమిది, అత్తమ్మా."

ఎనిమిదట! మార్కెట్లో దుకాణంవాడు చెప్పిన ధరకు కొనుక్కొచ్చిన ఆడది మా గల్లీలో లేదు. ఎంత చెబితే దానిలో సగానికి అడగడం కొనేవాళ్ళ ధర్మం. నేను నాలుగు వేశాను. తొమ్మిదన్న రోజు దయతలచి ఐదు వేశాను. ఇంకో సంగతి కూడా ఉంది. పరాయివాళ్ళు ఎట్లున్నావంటే మంచిగున్నాననే చెప్పాలి, మా ఇళ్ళలో అది మర్యాద. కోడలు బయటికి పోయి ఎనిమిది అలసట అని చెప్పిందంటే అది అత్త మీద పెట్టిన కేసు. నా మీద కేసుకు నేనే సాక్షి సంతకం పెట్టాలా? నా పుస్తకంలో మాత్రం రోజూ సున్నాయే. మోకాళ్ళు పీకి మెట్లు దిగలేని రోజు కూడా సున్నాయే.

మూడు వారాలయ్యాక వరసగా రెండు రోజులు ఆసుపత్రికి రమ్మన్నారు. ఒక ఇనుప పిడి చేతికిచ్చి, గట్టిగా పిండు, వదులు, మళ్ళీ పిండు అన్నారు. ఎంత బలముందో పక్కన గడియారం లాంటిదానిలో ముల్లు చూపిస్తుంది. తర్వాత కాసేపు సైకిల్ పెడల్ తొక్కించారు. మొదటి రోజు కోడలి ముల్లు నా ముల్లును దాటిపోయింది.

"చూసినవా? ఇంట్ల చపాతీ కర్ర లేపది, ఈడ ఇనుము పిండుతున్నది," అన్నాను ఆ పిల్లతో.

"రేపు కూడ చూడాలె కదా బా," అంది అది.

మర్నాడు ఆటోలో కోడలు నా భుజం మీద తల పెట్టింది. పెళ్ళయి పదేళ్ళయినా ఏనాడూ నా మీద వాలిన మనిషి కాదు. ఆసుపత్రి మెట్ల మీద రెండుసార్లు కూర్చుంది. పిడి చేతికిస్తే ముల్లు నిన్నటి దానిలో సగానికి కూడా రాలేదు. నాది నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది.

దొంగరోగాలు నాకు తెలియనివి కావు. బడికి పోయే వేళ కడుపునొప్పి అనే పిల్లలను ముగ్గురిని పెంచాను. నటించేవాళ్ళు ముందు ఎదుటివాళ్ళ ముఖం చూస్తారు. ఈమె మా ఎవరి ముఖమూ చూడలేదు. పెదవి కొరుక్కుంటూ, అది కదలాలని, ముల్లునే చూస్తోంది.

డాక్టరమ్మ మా పుస్తకాలు తిరగేసి ఆ పిల్లతో గుజరాతీలో ఏదో అంది. ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

"బుక్కుల రోజూ నాలుగు, ఐదే ఉన్నయి. గంత తక్కువుంటే స్టడీల ఉంచుడు కుదరదంటున్నది మేడమ్. పేరు తీసేస్తరట."

"మరి కాయితం?" అంది కోడలు. ఆ రోజంతటిలో ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

"స్టడీలనే లేకుంటే మేడమ్ ఏమని రాస్తది అక్కా? జర సోచాయించు, ఈ నంబర్లు నువ్వే చెప్పినవా?"

కోడలు తల వంచుకుని, "నేనే చెప్పిన," అంది. నా వైపు చూడను కూడా లేదు.

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. దసరా పది రోజుల్లో ఉంది. నేను కోరుకున్నట్టే జరిగేది, పైగా తప్పు కూడా ఆమే నెత్తిన వేసుకుంది. ఇంత సుఖమైన గెలుపు జీవితంలో నాకు ఎప్పుడూ దొరకలేదు. కానీ ఆ ముల్లు చూశాను కదా.

"ఆమె ఎనిమిది, తొమ్మిది చెప్పింది. సగం నేను కోసిన," అన్నాను.

"ఏందీ?"

"బేరం చేసిన."

"జబ్బుతోని బేరమా బా!" మాస్కు వెనక ఆ పిల్ల నవ్వు ఆగలేదు. "మరి నీ సున్నాలు?"

"అవి పూరాగ కోసిన."

డాక్టరమ్మ నవ్వలేదు. ఆ రెండు పుస్తకాలూ పక్కన పడేసి కొత్తవి తీసింది. మళ్ళీ మూడు వారాలు. కోడలిది కోడలే వేయాలి, చెయ్యి వణికితే వణికిన అంకే వేయాలి, నేను ముట్టుకోకూడదు. అరవై ఏళ్ళు దాటాక మళ్ళీ బడిలోలా చీవాట్లు తినే భాగ్యం నాకు అలా కలిగింది.

సాయంత్రం కొడుకు వచ్చి చెప్పులు విడుస్తూనే అడిగాడు.

"ఏమన్నరు? రాసిచ్చిన్రా?"

"ఇంక మూడు వారాలు చూస్తరట."

"దసరా అయితది కదనే. నేను టికెట్టు అడిగొచ్చిన."

"అడిగినోనివి నువ్వే వద్దని చెప్పిరా. ఆమెను తోలిస్తే నన్ను ఎవలతోని పోల్చి చూస్తరు? నేను గూడ పరీక్షల ఉన్న."

"తోలియ్యమన్నది నువ్వే కదా?"

"అన్న. గిప్పుడు వద్దంటున్న. చెయ్యి పిండంగ నువ్వు చూడలే, నేను చూసిన. కాయితం వచ్చినా రాకున్నా ఈడనే ఉంటది."

లోపల మంచం కిర్రుమంది. కోడలు ఇటు తిరిగి పడుకున్నట్టుంది.

మూడు వారాలన్నారు గానీ, కాగితం చేతికొచ్చేసరికి ఎండాకాలం వచ్చింది. దాని మీద ఆ మూడు మాటల పేరు రాసి ఉంది. మందు మాత్రం లేదట. ఒకనాడు పని చేస్తే మర్నాడు పడుకోవాలట, అదే వైద్యమట. ఇంత చదువు చదివి చివరికి పడుకోమనే చెప్పారు. పుట్టింటి ప్రయాణం మాట మళ్ళీ మా ఇంట్లో రాలేదు. ఆ మాట ఎత్తే నోళ్ళు రెండే. ఒకటి నేను మూయించాను, రెండోది నాదే.