అత్త చూపించిన రాయి

మా మేనత్త పోయి మూడు వారాలైంది. సాలూరులో లారీ ఆఫీసుకి బయల్దేరుతుంటే ఊరి నుంచి పక్కింటావిడ ఫోన్ చేసి, "మీ అత్త పోనాది బాబూ, బేగి వొచ్చీ" అంది. హుకుంపేట దాటి నేను ఊరు చేరేసరికి పెట్టె కూడా సిద్ధం చేసేశారు. రేకుల చర్చి వెనక శ్మశానంలో ఆవిడను దించి పిడికెడు మట్టి వేశాను. అప్పటికి కూడా నాకు ఆ రాయి సంగతి గుర్తు రాలేదు. అదీ నా సంబడం.

అమ్మ లేని నన్ను పెంచింది అత్తే. కాఫీ పళ్లు కోయడానికి కూలికెళ్లి, వచ్చాక చోడి అంబలి కాచి, నేను తాగేదాకా ఎదురుగా కూర్చునేది. తను తాగిందో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఆదివారం పాట సాగదీస్తే మాత్రం ఊరుకునేది కాదు. "దేవుడికి ఏరే పన్లుండవేటి, బేగి పాడండి" అని పాస్టరుగారి ముందే అనేసేది.

ఆవిడకి ఒక్కడే కొడుకు. ఎనిమిది రోజులు బతికాడు. అప్పట్లో మా చర్చి కొండ మీద ఉండేది, దొరల కాలం నాటి రాతి కట్టడం. వాణ్ని దాని పక్కనే పాతిపెట్టి గుర్తుగా ఒక రాయి పెట్టారు. తర్వాత గాలివానకి చర్చి పైకప్పు ఎగిరిపోయింది. జనం కిందికొచ్చి రేకుల చర్చి కట్టుకున్నారు. పైన గోడలు కొంచెం కొంచెంగా సమాధుల మీద కూలుతూ వచ్చాయి. ఏది సమాధి రాయో ఏది గోడ రాయో ఇప్పుడెవరికీ తెలీదు. అత్తకి తెలుసు. ఏటా సమాధుల పండక్కి సున్నం బకెట్టుతో కొండెక్కి, రాళ్లు చేత్తో తడిమి, ఒకే ఒక్క దానికి సున్నం వేసి కొవ్వొత్తి వెలిగించేది. మళ్లీ ఏడాది తిరిగేలోగా వానలకి ఆ తెలుపు కొట్టుకుపోయేది.

"నాను పోతే ఆడ్ని ఎవులు పోలుత్తార్రా? ఒక్కపాలి వొచ్చి సూసుకో" అని ఎన్నేళ్లు అడిగిందో.

నిరుడు వెళ్లాను. మా దగ్గర సిగ్నల్ దొరికేది ఆ కొండ మీదే. ఎక్కీ ఎక్కగానే ఆఫీసు నుంచి ఫోన్. "ఇలా రా, ఇదిగో, ఇదే" అని అత్త పిలుస్తూనే ఉంది. ఒక్క నిమిషం అత్తా అంటూనే అరగంట గడిపాను. ఆ తర్వాత పాత చర్చి కూలిన ద్వారం ముందు నిలబడి సెల్ఫీ కూడా తీసుకున్నాను. ఈలోగా మబ్బు పట్టింది. అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి, "పద, వానొచ్చేత్తాది. సూసినావు గదా?" అంది.

"చూశాను" అన్నాను.

ఆ అబద్ధానికి ఆవిడ ముఖం ఎంత తేటపడిందో చెప్పలేను. దిగుతున్నంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉంది. "ఇంక నాకు బెంగ లేదురా" అంది.

నిన్న సమాధుల పండుగ. కింద అత్త మట్టి దగ్గర కొవ్వొత్తి పెట్టి, సున్నం బకెట్టు పట్టుకుని ఒక్కణ్నే కొండెక్కాను. నిరుటి సెల్ఫీ తీసి పెద్దది చేసి చూశాను. నా భుజం వెనక అత్త వంగి ఉంది. రాయి ఆవిడ వీపు చాటున ఉండిపోయింది. ఆనవాలుకి ఆ వెనక గోడ ఉంటుందనుకుంటే, అదీ ఈ వానలకి పడిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క రాయినీ తడిమాను. నా చేతికి అన్నీ ఒకటే. సిగ్గు విడిచి గట్టిగా ఏడ్చాను. ఏడిస్తే ఏం లాభం, నాకు ఇంకెవరు చెబుతారు?

ఏదీ వదలకూడదనుకున్నాను. వాడు వీటిల్లోనే ఎక్కడో ఉన్నాడు. ద్వారం దగ్గర మొదలుపెట్టి ప్రతి రాయికీ సున్నం వేసుకుంటూ పోయాను. సగం కాకముందే కుంచె బకెట్టు అడుగుకి తగిలింది. నీళ్ల సీసా అందులో కుమ్మరించి, కడిగి, ఆ పల్చటి నీళ్లతో ఇంకో రెండు రాళ్లు తడిపాను. అవతల తుప్పల దాకా నల్లటి రాళ్లు ఇంకా చాలా మిగిలాయి.